పేరు ఎవరిది? హక్కు ఎవరిది?



ఈ పూట డేటాబేస్‌ల గురించి మాట్లాడుకుందాం. కంప్యూటర్ చదువు చదవని వాళ్ళు కూడా రేడియో కట్టేయకండి. ఇది మీకూ పనికొచ్చే విషయమే. మీ బ్యాంకు ఖాతా, కరెంటు బిల్లు, ఆస్పత్రి రిపోర్టు, పిల్లల మార్కులు అన్నీ ఏదో ఒక డేటాబేస్‌లోనే ఉంటాయి. సమాచారాన్ని పద్ధతిగా దాచి, అడగ్గానే తీసిచ్చే సాఫ్ట్‌వేర్‌నే డేటాబేస్ అంటాం.

తెలుగు వికీపీడియానే తీసుకోండి. అది 2003 డిసెంబరులో మొదలైంది. అందులో మీరు మీ ఊరి పేజీ తెరిచారనుకుందాం. ఆ పేజీలో ఉన్న సంగతులు, ఎవరు ఎప్పుడు ఏ వాక్యం మార్చారన్న చరిత్ర, అన్నీ మారియాడీబీ అనే డేటాబేస్‌లోంచి వస్తాయి. ఒకప్పుడు అది మారియాడీబీ కాదు, మైఎస్‌క్యూఎల్. వికీపీడియా వాళ్ళు 2013లో మార్చారు. రెండూ ఉచితమే. రెండూ ఓపెన్ సోర్సే. అంటే, ఆ ప్రోగ్రాం ఎలా రాశారో ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. మరి రెండూ ఉచితమే అయినప్పుడు ఒకటి వదిలి ఇంకొకటి ఎందుకు పట్టుకున్నారు?

ఈ పూట నేను చెప్పదలచుకున్నది అదే. ఒక సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరకడం వేరు. అది ఎవరి చేతిలో ఉందన్నది వేరు. ఇంకోసారి చెబుతాను. ఉచితంగా దొరకడం వేరు. ఎవరి చేతిలో ఉందన్నది వేరు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒక ఊళ్ళో ఒకావిడ కందిపొడి చేస్తారనుకోండి. కందిపప్పు దోరగా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, ఉప్పు కలిపి దంచుతారు. ఊరంతా ఆ పొడికి పేరొచ్చింది. ఆవిడ పాళ్ళు దాచుకోలేదు. కాగితం మీద రాసి అడిగిన వాళ్ళందరికీ ఇచ్చారు. ఒక్క షరతు మాత్రం పెట్టారు. "నా పాళ్ళకి మీరేదైనా చేర్చి ఆ పొడి నలుగురికీ ఇస్తే, ఏం చేర్చారో కూడా వాళ్ళకి రాసివ్వాలి." న్యాయమైన షరతే.

కొన్నాళ్ళకి ఒక హోటలాయన వచ్చాడు. "అమ్మా, నేను చేర్చింది నేను బయటపెట్టలేను" అన్నాడు. "అలాగైతే నాకింత డబ్బు కట్టండి, మీ ఒక్కరికీ ఆ షరతు తీసేస్తాను" అన్నారు ఆవిడ. షరతు పెట్టింది ఆవిడే. తీసేసే హక్కూ ఆవిడదే. ఈలోగా ఇరుగుపొరుగు కూడా సలహాలు ఇస్తూనే ఉన్నారు. కాస్త వెల్లుల్లి వెయ్యమని ఒకరు, పప్పు ఇంకొంచెం వేగనివ్వమని ఒకరు. ఆవిడ అవన్నీ కాగితంలో చేర్చుకున్నారు. కానీ చేర్చుకునే ముందు, ఆ సలహా మీద హక్కు తనదేనని వాళ్ళ చేత సంతకం పెట్టించుకున్నారు.

ఒకరోజు ఆవిడ దుకాణం అమ్మేశారు. అది చేతులు మారి మారి, చివరికి కందిపొడి పొట్లాలు ఖరీదుగా అమ్మే పెద్ద కంపెనీ చేతిలో పడింది. ఆ కంపెనీ కొన్నదేమిటి? పాళ్ళు కాదు. పాళ్ళు ఊరందరి ఇళ్ళలోనూ ఉన్నాయి. కొన్నది మూడిటిని. దుకాణం పేరు. షరతు తీసేసే హక్కు. ఇన్నాళ్ళూ పొడి దంచిన మనుషులు. పేరు, హక్కు, మనుషులు. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి.

ఇక అసలు కథలోకి వద్దాం.

1995లో స్వీడన్‌లో మైఎస్‌క్యూఎల్ ఏబీ అనే చిన్న కంపెనీ పుట్టింది. పెట్టింది ముగ్గురు. మాంటీ అని అందరూ పిలిచే మైకేల్ విడేనియస్, డేవిడ్ ఆక్స్‌మార్క్, అలన్ లార్సన్. మాంటీది ఫిన్లాండ్. ఆయన పెద్ద కూతురి పేరు మై. డేటాబేస్‌కి ఆ పేరే పెట్టారు. 2000లో దాన్ని జీపీఎల్ అనే లైసెన్స్ కింద విడుదల చేశారు. మన కందిపొడి షరతు అచ్చంగా ఆ జీపీఎల్ షరతే. మార్చి పంచితే, మార్చినది కూడా పంచాలి. అలా పంచలేని కంపెనీలకి ఇంకో లైసెన్స్ డబ్బుకి అమ్మేవారు. ఒకే సరుకు, రెండు లైసెన్సులు. అలా అమ్మాలంటే కాపీరైట్ మొత్తం ఒక్కరి చేతిలోనే ఉండాలి. అందుకే బయటివాళ్ళు రాసిచ్చిన కోడ్ మీద హక్కులు కూడా కంపెనీకే రాయించుకునేవారు.

వెబ్‌సైట్లు పుట్టగొడుగుల్లా లేచిన రోజులవి. ప్రతి సైటుకీ డేటాబేస్ కావాలి. ఒరాకిల్ అనే కంపెనీ అమ్మే డేటాబేస్ లాంటివి కొనే స్తోమత అందరికీ ఉండదు. మైఎస్‌క్యూఎల్ ఉచితం, చిన్నది, వేగం. ప్రపంచమంతా పాకింది. మన ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో ఎందరో పిల్లలు డేటాబేస్ అంటే ఏమిటో మొదట దాని మీదే నేర్చుకున్నారు.

2005 అక్టోబరులో ఒక చిన్న కంపెనీని ఒరాకిల్ కొంది. ఫిన్లాండ్‌లోని ఇన్నోబేస్.  కానీ మైఎస్‌క్యూఎల్‌కి గుండె లాంటి భాగం ఆ కంపెనీదే. మీరు డబ్బు పంపుతుండగా మధ్యలో కరెంటు పోయిందనుకోండి. మీ ఖాతాలో తగ్గి, అవతలి ఖాతాలో చేరకుండా ఉండిపోకూడదు కదా. రెండూ జరగాలి, లేదా రెండూ జరగకూడదు. మైఎస్‌క్యూఎల్‌లో ఆ భరోసా ఇచ్చే భాగం ఇన్నోడీబీ. దాన్ని రాసింది ఇన్నోబేస్. మన కందిపొడి ఆవిడకి పప్పు పోసే వర్తకుడిని పోటీ కంపెనీ కొనేసినట్టయింది. దుకాణం ఇంకా ఆవిడదే. పప్పు మాత్రం పోటీవాడి కొట్టు నుంచి రావాలి.

2008 జనవరిలో సన్ మైక్రోసిస్టమ్స్ అనే అమెరికా కంపెనీ మైఎస్‌క్యూఎల్ ఏబీని కొంటున్నట్టు ప్రకటించింది. ధర సుమారు 100 కోట్ల డాలర్లు. సన్‌కి ఓపెన్ సోర్స్ మీద మంచి పేరుండేది. చాలామంది సంతోషించారు. ఆ సంతోషం 15 నెలలే నిలిచింది. 2009 ఏప్రిల్‌లో ఆ సన్‌నే ఒరాకిల్ కొంటున్నట్టు ప్రకటన వచ్చింది. సుమారు 740 కోట్ల డాలర్లకి. ప్రపంచంలో డబ్బుకి డేటాబేస్ అమ్మే కంపెనీల్లో ఒరాకిల్‌ది ముందు వరస. ఇప్పుడు ఉచిత డేటాబేస్ కూడా దాని చేతికే వస్తోంది.

ఈ కొనుగోలుకి అమెరికా న్యాయశాఖ ఆ ఆగస్టులోనే సరేనంది. యూరప్ దేశాల కూటమి తరఫున ఇలాంటి కొనుగోళ్ళు పరిశీలించే యూరోపియన్ కమిషన్ వెంటనే ఒప్పుకోలేదు. సెప్టెంబరులో లోతుగా విచారణ మొదలుపెట్టింది. ఆ విచారణ సాగినన్నాళ్ళూ సన్ రక్తం ఓడుతోంది. నెలకి 10 కోట్ల డాలర్లు నష్టపోతోందని అప్పటి ఒరాకిల్ అధిపతి లారీ ఎల్లిసన్ అన్నారు.

అప్పుడొక వాదం నడిచింది. ఈ కథంతటిలో నాకు బాగా ముఖ్యమనిపించేది అదే. కొంచెం నిదానంగా చెబుతాను.

జీపీఎల్ లైసెన్స్ పుట్టడానికి మూలపురుషుడు రిచర్డ్ స్టాల్‌మన్. ఆ లైసెన్స్ మూడో రూపం రాయడంలో ఆయనతో కలిసి పనిచేసిన న్యాయవాది ఎబెన్ మోగ్లెన్. ఈ విషయంలో ఇద్దరూ చెరో పక్క నిలబడ్డారు. మోగ్లెన్ ఏమన్నారంటే, భయపడాల్సిన పని లేదు, జీపీఎల్ ఉంది, ఒకసారి పంచిన కోడ్‌ని ఎవరూ వెనక్కి లాక్కోలేరు, ఒరాకిల్ సరిగా చూడకపోతే ఇంకొకరు తీసుకుని నడుపుతారు అన్నారు. స్టాల్‌మన్ ఇంకో రెండు సంస్థలతో కలిసి కమిషన్‌కి లేఖ రాశారు. కోడ్ ఒక్కటీ ఉంటే చాలదు అన్నారు. రెండో లైసెన్స్ అమ్మే హక్కు కాపీరైట్ ఉన్నవాడికే ఉంది. ఇన్నాళ్ళూ మైఎస్‌క్యూఎల్‌ని పెంచి పోషించిన రాబడి ఆ లైసెన్స్ నుంచే వచ్చింది. కొత్తగా దుకాణం పెట్టేవాడికి పాళ్ళు దొరుకుతాయి గానీ, ఆ రాబడి దొరకదు. ఇదీ వాళ్ళ వాదం.

మాంటీ కూడా స్టాల్‌మన్ పక్షమే. మైఎస్‌క్యూఎల్‌ని కాపాడండి అంటూ ఆ డిసెంబరులో సంతకాలు సేకరించారు. కంపెనీ సన్‌కి అమ్మినప్పుడు వాటాదారుగా ఆయనకీ డబ్బు ముట్టింది కదా, ఇప్పుడెందుకీ గోల అని కొందరు నిలదీశారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అంతమాత్రాన ఆయన వాదం తప్పయిపోదు.

2009 డిసెంబరు 14న ఒరాకిల్ 10 హామీలు ప్రకటించింది. మైఎస్‌క్యూఎల్‌ని జీపీఎల్ కింద విడుదల చేస్తూనే ఉంటాం అన్నది వాటిలో ఒకటి. ఆ హామీల గడువు 5 సంవత్సరాలు. 2010 జనవరి 21న కమిషన్ అనుమతి ఇచ్చింది. పేరు, హక్కు, మనుషులు, మూడూ ఒరాకిల్‌కి చేరాయి.

తరవాత ఏమైంది? మైఎస్‌క్యూఎల్‌ని ఒరాకిల్ గొంతు నులిమి చంపేస్తుందని చాలామంది భయపడ్డారు. అలా జరగలేదు. నిజం నిజంగానే చెప్పుకోవాలి. 2010 నుంచి 2018 వరకు 5.5, 5.6, 5.7, 8.0 అని వరసగా కొత్త వెర్షన్లు వచ్చాయి. మంచి ఇంజనీర్లు కష్టపడి చేసిన మంచి పని అది. హామీల గడువు తీరాక కూడా జీపీఎల్ విడుదలలు ఆగలేదు.

మరి మారిందేమిటి? 2011లో కొన్ని కొత్త సౌకర్యాలు డబ్బు కట్టే వాళ్ళ ప్రతిలోనే పెట్టారు. ఒకేసారి వేలమంది వచ్చి పడినా సర్వర్ తట్టుకునేలా చేసే థ్రెడ్ పూల్ అందులో ఒకటి. 2012లో ఇంకో మార్పు. ఒక తప్పు దిద్దినప్పుడు, అది నిజంగా పోయిందో లేదో చూసే చిన్న పరీక్ష కూడా రాస్తారు. దాన్ని టెస్ట్ కేస్ అంటారు. కొత్తగా దిద్దే తప్పులకి రాసే ఆ పరీక్షల్ని బయటపెట్టడం మానేశారు. లైసెన్స్ ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. కోడ్ ఇస్తున్నారు. కానీ బయట కూర్చుని ఆ కోడ్ మీద పనిచేసేవాడికి కన్ను ఒకటి మూసినట్టే. చేతిలో ఉండటం అంటే ఇదీ. తలుపు మూయక్కర్లేదు. ఏ కిటికీ ఎప్పుడు తెరవాలో తేల్చే అధికారం ఉంటే చాలు.

మాంటీ ఊరుకోలేదు. 2009 ఫిబ్రవరిలోనే సన్ వదిలేశారు. అదే కోడ్ తీసుకుని వేరు కుంపటి పెట్టారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు దీన్ని ఫోర్క్ అంటారు. మైఎస్‌క్యూఎల్ అన్న పేరు వాడుకోవడానికి వీల్లేదు. అది అప్పట్లో సన్ ట్రేడ్‌మార్క్, తరవాత ఒరాకిల్‌దైంది. అందుకని చిన్న కూతురు మారియా పేరు పెట్టారు. అదే మారియాడీబీ. 2012 డిసెంబరులో మారియాడీబీ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థను ప్రకటించారు. మరుసటి ఏడు వికీపీడియా మారింది. అప్పుడు వాళ్ళు వేగాన్ని కొలిచి చూసుకున్నారు. దాంతోపాటు ఇంకో మాట స్పష్టంగా చెప్పారు. ఉచిత ప్రతి ఒకటి, డబ్బు ప్రతి ఒకటి అని కోడ్ రెండుగా చీలని చోటే మాకిష్టం అని, లాభాపేక్ష లేని ఫౌండేషన్‌ని సమర్థిస్తున్నాం అని. ఆ తరవాత రెడ్‌హ్యాట్, డెబియన్ లాంటి లినక్స్‌లు కూడా మారియాడీబీనే ముందు పెట్టాయి.

అయితే స్టాల్‌మన్, మోగ్లెన్‌లలో ఎవరి మాట నెగ్గింది? నాకైతే ఇద్దరి మాటా నెగ్గిందనిపిస్తుంది. మోగ్లెన్ చెప్పినట్టే కోడ్ బతికింది, ఇంకొకరు నడిపారు. స్టాల్‌మన్ చెప్పినట్టే రాబడి రాలేదు. ఆ రాబడి లేని కొరత మారియాడీబీని చాలా కాలం వెంటాడింది. దాని వెనక కూడా ఒక కంపెనీ ఉంది. ఫౌండేషన్ వేరు, కంపెనీ వేరు. ఆ కంపెనీ 2022 డిసెంబరులో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌కి ఎక్కింది. షేరు ధర నేల చూసింది. 2024లో కే1 అనే అమెరికా పెట్టుబడి సంస్థ దాన్ని కొనేసింది. మారియాడీబీ అన్న ట్రేడ్‌మార్క్ కూడా ఫౌండేషన్‌ది కాదు, ఆ కంపెనీదే.

అంటే మళ్ళీ అదే కథేనా? పూర్తిగా కాదు. ఎందుకు కాదో చూపిస్తాను. ఎవరైనా మారియాడీబీ వాడే మిత్రులుంటే, ఆదేశాలు టైపు చేసే దాని నల్ల తెర తెరిచి చూపించమనండి. తెరవగానే స్వాగతం చెబుతుంది. ఆ కింద ఒక కాపీరైట్ వరస ఉంటుంది. అందులో మొదటి పేరు ఒరాకిల్. రెండో పేరు మారియాడీబీ కార్పొరేషన్. ఆ తరవాత, ఇతరులు. రోజూ వందసార్లు ఆ తెర తెరిచే వాళ్ళు కూడా ఆ వరస చదవరు.

ఎవరి నుంచి విడిపోయి వచ్చారో వాళ్ళ పేరే ముందుండటం ఏమిటి? పునాది కోడ్ మైఎస్‌క్యూఎల్‌ది కాబట్టి. దాని మీద కాపీరైట్ ఒరాకిల్‌ది. జీపీఎల్ షరతు తీసేసే హక్కు ఒరాకిల్‌కే ఉంది. మారియాడీబీ కంపెనీకి లేదు. దాన్ని కొన్న కే1కీ లేదు. కాబట్టి మారియాడీబీ సర్వర్‌ని మూసేసి, రహస్యంగా పెట్టుకుని, డబ్బుకి అమ్ముకుందామన్నా కుదరదు. హక్కు ఒక్కచోట పోగుపడకపోవడమే దానికి రక్ష. అది ఎవరూ కోరి పెట్టుకున్న రక్ష కాదు. చరిత్ర వల్ల అలా కుదిరింది.

కోరి పెట్టుకున్న వాళ్ళూ ఉన్నారు. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ ఉంది. 1986లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ మొదలుపెట్టిన పరిశోధన అది. 1996 నుంచి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అంటున్నారు. దాని కోడ్ మీద హక్కు ఒక్క కంపెనీది కాదు. రాసినవాళ్ళ హక్కు రాసినవాళ్ళ దగ్గరే ఉంటుంది. అందరి దగ్గరా తలా ఇంత ఉంటే, అందరి దగ్గరా కొనడం ఎవరి తరం?

హక్కు సరే, మనుషుల సంగతి? మనుషుల్ని జీతమిచ్చి కొనొచ్చు కదా. దానికీ వాళ్ళకొక కట్టుబాటు ఉంది. ఎక్కడా రాసిపెట్టలేదు గానీ పాటిస్తారు. ప్రాజెక్టు మంచిచెడ్డలు చూసే చిన్న బృందం ఒకటి ఉంది, కోర్ టీమ్. అందులో సగం మందికి మించి ఒకే కంపెనీ వాళ్ళు ఉండకూడదు. 2020లో దానికి పరీక్ష వచ్చింది. ఎంటర్‌ప్రైజ్‌డీబీ అనే కంపెనీ సెకండ్‌క్వాడ్రెంట్ అనే కంపెనీని కొంది. రెండూ పోస్ట్‌గ్రెస్ మీద బతికేవే. కొనేసరికి బృందంలోని ఐదుగురిలో ముగ్గురు ఒకే యజమాని కిందకి వచ్చారు. ఎవరూ తప్పు చేయలేదు. ఎవరూ కుట్ర పన్నలేదు. అయినా చూస్తూ ఊరుకోలేదు. ఆ సంగతి బహిరంగంగా చెప్పారు. వేరే కంపెనీల్లో పనిచేసే ఇద్దరిని కొత్తగా చేర్చుకున్నారు. ఏడుగురిలో ముగ్గురు. లెక్క సరిపోయింది. దీని మీద పెద్ద వార్తలేమీ రాలేదు. నాకు మాత్రం ఇన్ని కోట్ల డాలర్ల అమ్మకాల కథలకంటే ఈ ఇద్దరిని చేర్చుకున్న సంగతే గొప్పగా అనిపిస్తుంది.

ఈ గొడవ పాతబడిందనుకోకండి. రెడిస్ అని ఎన్నో యాప్‌లు వాడే డేటాబేస్ ఉంది. 2024 మార్చిలో దాన్ని నడిపే కంపెనీ ఓపెన్ సోర్స్ కాని లైసెన్స్‌కి మార్చేసింది. ఆ నెల దాటకముందే పాత కోడ్ తీసుకుని వాల్‌కీ అనే ఫోర్క్ లినక్స్ ఫౌండేషన్ నీడలో మొదలైంది. మరుసటి ఏడు రెడిస్ మళ్ళీ ఓపెన్ సోర్స్ లైసెన్స్ ఒకటి జతచేసింది. అడిగేవాళ్ళు ఉండబట్టే అది జరిగిందని నా నమ్మకం.

ఇప్పుడు మన పనికొద్దాం. మీరు స్కూలు నడుపుతుండొచ్చు, సహకార సంఘం లెక్కలు చూస్తుండొచ్చు, చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుండొచ్చు. ఎవరో వచ్చి ఈ డేటాబేస్ పెట్టుకోండి, ఉచితం అన్నారు. ధర గురించి ఒక్క ప్రశ్న చాలు. ఆ తరవాత మూడు అడగండి. ఈ పేరు ఎవరిది? ఈ కోడ్ మీద హక్కు ఒకరిదా, పదిమందిదా? దీన్ని రాసే మనుషులకి జీతాలిచ్చేది ఒకే కంపెనీయా? పేరు, హక్కు, మనుషులు. మూడూ ఒకే చోట ఉంటే వాడకూడదని కాదు. నిక్షేపంగా వాడొచ్చు. కానీ బయటికొచ్చే దారి ముందే చూసి పెట్టుకోవాలి.

ఆ దారి కూడా కాలంతో ఇరుకవుతుంది. మొదట్లో మైఎస్‌క్యూఎల్ తీసి మారియాడీబీ పెడితే అలాగే నడిచిపోయేది. మైఎస్‌క్యూఎల్ 8.0 వచ్చాక లోపలి అమరిక మారింది. ఉన్న ఫైళ్ళ మీదే మారుద్దామంటే కుదరదు. సమాచారమంతా బయటికి తీసి, అవతల మళ్ళీ ఎక్కించాలి.

అందుకని మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్ళు ఒక పని చెయ్యండి. మీ కంప్యూటర్ చూసే అబ్బాయితోనో అమ్మాయితోనో చెప్పి, ఒక సెలవు రోజున మీ డేటాబేస్‌కి డంప్ తీయించండి. డంప్ అంటే సమాచారమంతా ఒక ఫైల్లోకి దించడం. దాన్ని పక్కన ఇంకో కంప్యూటర్‌లో మారియాడీబీ పెట్టి ఎక్కించి చూడమనండి. ఏవి ఎక్కాయో, ఏవి మొరాయించాయో కాగితం మీద రాయించండి. చాలాచోట్ల మొదట మొరాయించేది కొలేషన్. అంటే, పేర్లని ఏ వరసలో పేర్చాలో చెప్పే నియమం. మైఎస్‌క్యూఎల్ 8.0 తనంతట తాను వాడే కొలేషన్ పేరు మారియాడీబీ పాత వెర్షన్లకి తెలియదు. వేరేది పెట్టి ఎక్కించాల్సి వస్తుంది. అలా చేశాక మీ జాబితాలో ఉన్న తెలుగు పేర్లు ఒకసారి తెర మీదకి తీయించండి. క తరవాత ఖ వస్తోందా, ఒత్తులున్న పేర్లు ఉండాల్సిన చోటే ఉన్నాయా, ఒకే మనిషి పేరు రెండుసార్లు కనిపిస్తోందా, మీరే దగ్గర కూర్చుని చూడండి. తెలుగు చదవగలిగిన వాళ్ళు తప్ప ఆ పని ఇంకెవరూ చేయలేరు.